బోసి చెవులు

మొన్న యూనివర్సిటీలో పిల్లలు ఏదో సినిమా వేస్తున్నారంటే మా అమ్మాయి నన్ను బలవంతంగా లాక్కుపోయింది. తార్నాకలో మెట్రో దిగి, ఆటో మాట్లాడుకుని, ఆ హాలు వెతుక్కుని వెళ్లేసరికి కుర్చీలన్నీ నిండిపోయాయి. పెంచుకున్న పిల్ల కథ అది. పరాయి పిల్లను తెచ్చుకున్నందుకు ఇంటి పెద్దాయన కన్నకూతురితో మాటలు మానేస్తాడు. చివర్లో జోరున వాన. ఆయన తడుచుకుంటూ వచ్చి పిల్లను ఎత్తుకుంటాడు. పిల్ల ఆయన మెడ చుట్టేసుకుంటుంది. హాలంతా ముక్కులు చీదుకుంటోంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. పక్క కుర్చీలో ఉన్న అబ్బాయి నాకు కాగితం రుమాలు ఇవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నాడు.

బయటికి వచ్చాక మా అమ్మాయి అడిగింది. "ఏందమ్మా, నచ్చలేదా?"

"నచ్చకేం. అన్నేళ్లు మొహం చూడని మనిషి వచ్చి ఎత్తుకుంటే ఆ పిల్ల ఒక్క మాటైనా అనదేం? నోరు లేదా?"

"సినిమా అమ్మా అది," అని నవ్వింది. నేనూ అట్లా తెచ్చుకున్న పిల్లనేనని మా అమ్మాయికి తెలుసు. నా చెవుల సంగతి తెలియదు. ఆటోలో ఇంటికి వస్తూ చెబుదామనుకున్నాను. హారన్ల గోలలో కుదరలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా క్వార్టరు ఆ క్యాంపస్‌లోనే ఉండేది. రెండు గదులు, ముందు చిన్న వరండా, వాకిట్లో సీతాఫలం చెట్టు, ఒకపక్కకు ఒరిగిపోయిన ఇనుప గేటు. ఇప్పుడక్కడ అద్దాల బిల్డింగు లేచింది. బాపు లైబ్రరీలో పుస్తకాలు బైండింగు చేసేవాడు. సాయంత్రం ఇంటికి వస్తే చేతులకు అట్టలు అంటించే మైదా లై వాసన, అందులో కలిపే మైలుతుత్తం వాసన. ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు. అదే చేత్తో పచ్చిపులుసు కలిపి నాకు ముద్దలు పెట్టేవాడు. ఈనాటికీ కొత్త బైండింగు పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకు ఆకలేస్తుంది.

అమ్మకు ఒక్కడే అన్న. లాలాగూడలో రైల్వే వర్క్‌షాపులో పని, అక్కడే క్వార్టరు. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ ఎంత దూరమని! గాలి అటు నుంచి వీస్తే వర్క్‌షాపు సైరను మా వంటింట్లోకి వినపడేది. రొట్టె తడుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయేది. "అన్న డ్యూటీ దిగిండు," అనేది, ఎవరితోనో కాదు, తనలో తనే. ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టినప్పుడు ఎల్లిపాయ దండిగా వేసి చిన్న జాడీలో వేరే తీసేది. అది మామకు. ఆ జాడీ మా ఇల్లు దాటి ఎప్పుడూ పోలేదు. ఏడాది తిరిగేసరికి ఆ తొక్కును మేమే తినేవాళ్లం.

మామ మా గడప తొక్కడు. ఎందుకని అడిగితే అమ్మ "పెద్దోళ్ల ముచ్చట్లు నీకెందుకు" అనేది.

మా ఇళ్లల్లో ఆడపిల్లకు చెవులు కుట్టాలంటే మేనమామ ఉండాలి. ఆయన పీట మీద కూర్చుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని, తల కదలకుండా పట్టుకుంటే, బంగారం పని చేసే అవుసులాయన తీగతో కుడతాడు. మాట రాని వయసులోనే ఆ తంతు అయిపోతుంది, పిల్లకేమీ గుర్తుండదు. నేను ఐదో తరగతి దాటినా నా చెవులు బోసిగానే ఉన్నాయి.

బాపు నెమ్మదైన మనిషి. ఆయనే ఒకసారి మధ్యేమార్గం చెప్పాడు. "మీ చిన్నాయన కొడుకున్నడు గదా, వరసకు అన్ననే. ఆయన్ని కూసోబెడదాం. పిల్ల పెద్దదైతున్నది."

అమ్మ పళ్లెం ధన్‌మని కింద పెట్టింది. "నాకు తోడబుట్టినోడు లేడా? సచ్చిండా? ఆయన బతికుండంగ ఇంకొకని ఒడిల పెడితే, నా అన్నను నేనే లేకుంట చేసినట్టు. వస్తే ఆయన రావాలె. లేకుంటే లేదు."

అమ్మ పంతం బాగానే ఉంది. మోయాల్సిన చెవులు మాత్రం నావి. బడిలో పిల్లలు నన్ను మగపిల్లాడిని పిలిచినట్టు "అరే పిల్లగా" అని పిలిచేవాళ్లు. ఒకరోజు నల్లా దగ్గర ఒక పిల్ల అసలు సంగతి బయటపెట్టింది. "నిన్ను ఆశ్రమం నుంచి తెచ్చుకున్నరంట గదా. గందుకే మీ మామ రాడంట. నువ్వు ఆయన మేనకోడలువు కాదంట."

తెచ్చుకున్నారన్నది నాకు కొత్త కాదు. అమ్మ ఎప్పుడూ దాచలేదు, ఆశ్రమంలో నేను తన కొంగు పట్టుకుని వదల్లేదని మురిసిపోతూ చెప్పేది. కానీ మామ రాకపోవడానికి కారణం నేనేనని ఆ రోజే తెలిసింది. ఆ మామ ఒళ్లో కూర్చుంటే నేను ఈ ఇంటి పిల్లను, లేకపోతే కాదు. అప్పటి నా బుర్రకు అర్థమైంది అంతే. అన్నం సయించేది కాదు.

మా పక్క క్వార్టరులో రాయలసీమ వాళ్లుండేవాళ్లు. ఆ ఇంటాయన యూనివర్సిటీ ఆఫీసులో పని. వాళ్ల పెరట్లో నిమ్మచెట్టు, వాళ్లమ్మాయి నాకు దోస్తు. ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం, పెద్దవాళ్లు కునుకు తీస్తున్నప్పుడు, మేమిద్దరం చెట్టెనక కూర్చుని ఒక పెద్ద ముల్లు విరిచాం. నేను కళ్లు మూసుకున్నాను, తను పొడిచింది. సగం దిగిన ముల్లు చూసి తనకు భయం వేసి ఇంట్లోకి పారిపోయింది. మిగతా సగం నేనే నెట్టుకున్నాను. రెండో చెవికి ధైర్యం చాలలేదు. చెవి కుట్టేసుకుంటే ఇక మామతో పనేముంది, అమ్మ సైరను వినక్కర్లేదు, అనుకున్నాను.

మూడో నాటికి చెవి చిక్కుడుకాయంత లావైంది. జుట్టు వదిలేసుకుని తిరుగుతుంటే దోస్తు వాళ్లమ్మే పట్టుకుంది.

"ఏమే ఇది? చీము పట్టింది కదే! ఇంతపని ఏంటికి చేస్తిరే!" అంటూ నన్ను అమ్మ దగ్గరికి ఈడ్చుకొచ్చింది. "ఏమ్మా, మీకు ఇంత పట్టింపు ఏంటికి? మా పక్క మామ లేకుంటే తాతయినా కూసుంటాడు. పసిబిడ్డ చూడు ఏం చేసుకునిందో!"

అమ్మ ముందు నన్ను రెండు తగిలించింది. తర్వాత అక్కడే కూలబడి నన్ను పట్టుకుని ఏడ్చింది. దవాఖానలో చెవి కడిగి కట్టు కట్టారు. ముల్లు తీసేశాక ఆ రంధ్రం పూడుకుపోయింది. నేను పడ్డ నొప్పంతా దండగైపోయింది.

ఈ కబురు లాలాగూడ చేరింది. రెండోరోజు పొద్దున్నే మా అమ్మమ్మ మూటతో దిగింది. ఆమె కొడుకు దగ్గర ఉండేది. అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చినా, కొడుక్కి కోపమని పొద్దు గూకకముందే వెళ్లిపోయేది. ఈసారి వస్తూనే మూట విప్పి చీరలు దండెం మీద వేసింది. నా కట్టు విప్పి చూసి, పొగాకు నములుతూ, "ఇగ నేను గాడికి పోను. నా కొడుకు గీ గడప లోపలికొచ్చి, గీ పిల్లను ఒడిల పెట్టుకుని చెవులు కుట్టిస్తెనే పోత," అంది.

"అమ్మా, అన్నకు ఇంకింత కోపమొస్తది," అంది అమ్మ.

"రానీ. నేను కన్న కోపమే గదా."

అసలు గొడవేమిటో అమ్మమ్మే నాకు చెప్పింది, సర్వపిండి తుంచి నా నోట్లో పెడుతూ. మామకు ఇద్దరు కొడుకులు. అమ్మకు పిల్లలు లేరని తన చిన్న కొడుకును ఇచ్చేస్తానన్నాడు. ఇంటి రక్తం ఇంట్లోనే ఉంటుందని ఆయన లెక్క. అమ్మ వద్దంది. ఎందుకో చెప్పలేదు. కొన్నాళ్లకు నన్ను తెచ్చుకుంది. "నా కొడుకు పనికి రాలే, ఎవరో కన్న పిల్ల పనికొచ్చిందా" అని మామకు తలకొట్టేసినట్టయింది. ఆ రోజు వెనక్కి తిరిగినవాడు మళ్లీ ఇటు రాలేదు.

"మరి అమ్మ ఎందుకు వద్దంది?"

"దాన్నే అడుగు. నాకు చెప్పలే, వానికి చెప్పలే."

అడిగాను. అమ్మ నా జడ ఇంకా బిగించి అల్లింది.

ఆదివారం మామ వచ్చాడు. ఆయన్ను అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. నల్లగా, పొడుగ్గా, గుబురు మీసాలతో ఉన్నాడు. రిక్షా దూరంగా ఆపి, గేటు బయటే నిలబడి, "అమ్మా! రా పోదాం," అని పిలిచాడు. అమ్మమ్మ వరండాలోంచి కదల్లేదు. అమ్మ తలుపు చాటు నుంచి నా చేతికి చెంబెడు నీళ్లిచ్చి పంపింది. నేను గేటు దాకా వెళ్లి చెంబు చాపాను. నీళ్లు తొణికి నా కాళ్ల మీద పడుతున్నాయి. ఆయన నా చెవి కట్టు వైపు ఒకసారి చూశాడు. మొహం తిప్పుకున్నాడు. చెంబు అందుకోలేదు.

"అమ్మా, వస్తవా రావా?"

"లోపలికి రా, మాట్లాడుత."

ఆయన రిక్షా ఎక్కి వెళ్లిపోయాడు. మా బజారంతా కిటికీల్లోంచి చూసింది. నేను చెంబు అక్కడే వొంపేసి లోపలికి పరుగెత్తాను. ఆ మనిషి మీద నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

ఆ వారమంతా సైరను మోగితే అమ్మ, అమ్మమ్మ, నేను ముగ్గురం పనులు ఆపేవాళ్లం. నా చెవి మానింది. అమ్మమ్మ ఎవరికీ చెప్పకుండా లాలాపేట్ అవుసులాయనకు కబురు పంపింది. మామకు వచ్చి తనను తీసుకుపొమ్మనీ, మా అత్తమ్మకు వచ్చే ఆదివారం నువ్వూ వెంట రావాలనీ చెప్పి పంపిందట.

ఆదివారం అవుసులాయన వరండాలో చాప పరుచుకుని కూర్చున్నాడు. తీగ, చిన్న పట్టకారు, పసుపు, నూనె గిన్నె. పక్కింటి రాయలసీమ అమ్మ, ఆమె కూతురు, ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చారు. పుట్నాలు, బెల్లం పళ్లెంలో పెట్టి ఉన్నాయి. మధ్యలో ఖాళీ పీట. నాకు కొత్త లంగా వేసి గడప దగ్గర నిలబెట్టారు. బాపు సీతాఫలం చెట్టు కింద అటూ ఇటూ తిరుగుతున్నాడు.

రిక్షా వచ్చింది. మామ దిగాడు. అత్తమ్మ దిగకుండా కొంగు నెత్తి మీదికి లాక్కుని అందులోనే కూర్చుంది. మామకు వాకిట్లో జనం కనిపించారు, అవుసులాయన కనిపించాడు, పీట కనిపించింది. మొహం ఎర్రబడింది.

"ఏందే అమ్మా గిది? నన్ను పిలిపిచ్చి నలుగుర్ల నిలబెడుతున్నవా?"

"పీట మీద కూసో. పిల్లను పట్టుకో. ఇగ నీ వెనక వస్త," అంది అమ్మమ్మ.

"ఎవరి పిల్లను?"

"నీ మేనకోడలును."

"నాకు మేనకోడలు లేదు," అన్నాడు మామ, అందరికీ వినపడేట్టు.

అందరూ నా వైపే చూస్తున్నారు. అప్పుడు అమ్మ బయటికి వచ్చింది, అన్న ఎదుటికి, అన్నేళ్ల తర్వాత.

"లేకుంటే లేదన్నా. అవుసులాయనా, నువ్వు సామాను సర్దుకో. నా బిడ్డ చెవులు గట్లనే ఉంటయ్. నాకేం సిగ్గు లేదు."

మామ వెనక్కి తిరిగాడు. అప్పుడు రిక్షాలోంచి అత్తమ్మ దిగింది. నెత్తి మీది కొంగు జారిపోయింది, సర్దుకోలేదు.

"ఆగు. పిల్లగాన్ని వద్దన్నది ఆమె కాదు. నేను."

మామకు అర్థం కాలేదు. "ఏందే?"

"పిల్లగాన్ని తీసుకుంటనని నీ చెల్లె మన ఇంటికి మాట ఇయ్యనీకి వచ్చిన పొద్దు, బోరింగు కాడ ఆమె కాళ్ల మీద పడ్డ. నా పిల్లగాన్ని నాకు ఉంచమన్న. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్న. ఆమె నా కోసం ఇన్నేండ్లు నీతోని మాటలు పడ్డది."

"నాతోని చెప్పొచ్చు గదా!"

"నువ్వు నన్ను అడిగినవా? పిల్లగాన్ని ఇస్తున్ననన్నవ్. గంతే. నేను కన్ననని యాదికన్న వచ్చిందా నీకు?" అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. "ఎదురు చెప్తే నన్ను మా తల్లిగారింటికి తోలుతవని భయపడ్డ."

మామ చెల్లెలి వైపు చూశాడు. "నిజమేనా?"

"ఎండెక్కుతున్నది, నీడకు రా వదినా," అని అమ్మ వెళ్లి అత్తమ్మ చెయ్యి పట్టుకుంది.

చాలా ఏళ్ల తర్వాత అమ్మను నిలదీశాను, ఒక్క మాట అన్నకు చెప్పి ఉంటే నేను అన్ని అవమానాలు పడేదాన్నా అని. "చెప్తే మా వదినె సంసారం ఏమయ్యేదో. నీ చెవులకేముంది, అవి యాడికి పోతయ్?" అంది తేలిగ్గా. నాకు మండిపోయింది. అమ్మ చేసింది గొప్ప పనేనని తెలుసు. అయినా ఆ గొప్పతనానికి నా చెవుల్ని వాడుకుందని కోపం ఇప్పటికీ కొంచెం మిగిలే ఉంది.

ఆ ఆదివారం మామ గేటు తోశాడు. తర్వాత చెప్పులు విడిచాడు. వాకిలి దాటి వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా నా వైపు చెయ్యి చాపాడు.

"ఇటు రా."

నేను కదల్లేదు. అమ్మమ్మ వీపు మీద నెట్టింది. గడప పట్టుకుని గట్టిగా నిలబడ్డాను. "నేను రాను."

"అదేందే!" అమ్మమ్మ పళ్లు కొరికింది. బాపు మాత్రం చెట్టు కింద నుంచి, "దాన్ని బలిమి చెయ్యకుండ్రి," అన్నాడు. బాపు గొంతు అంత గట్టిగా వినడం నాకదే మొదలు.

"ఎందుకు రావు?" అని అడిగాడు మామ.

"మేనకోడలు లేదంటివి గదా."

చాపిన చెయ్యి ఆయన వెనక్కి తీసుకున్నాడు. గోళ్ల సందుల్లో నల్లటి నూనె మరకలు. ఆ మరకల్ని బొటనవేలితో రుద్దుకున్నాడు. లేచి పోతాడనుకున్నాను. అమ్మ కూడా అదే అనుకుందని ఆమె ఊపిరిలోనే తెలుస్తోంది.

"లేదని అన్న," అన్నాడు చివరికి. "నలుగుర్ల అన్న. నువ్వు కూడా అను. నాకు మామ లేడని అను. బరాబర్ అయితది."

నేను అమ్మ వైపు చూడలేదు. చూస్తే వద్దంటుందని. గట్టిగా గాలి పీల్చుకుని, పక్క బజారుకు వినపడేట్టు అరిచాను. "నాకు మామ లేడు!"

రాయలసీమ అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. అత్తమ్మ ఏడుస్తూనే నవ్వింది.

"అయిపోయిందా? కోపం ఇంకున్నదా?" అన్నాడు మామ.

"ఉన్నది."

"ఉండనీ. కోపంతోనే వచ్చి కూసో."

వెళ్లాను. ఒళ్లో కర్రలా బిగుసుకుని కూర్చున్నాను. ఆయన చొక్కా ఇనుము వాసన, చెమట వాసన వేస్తోంది. పెద్ద అరచేత్తో నా తలను ఛాతీకి అదిమి పట్టుకున్నాడు. ఆయన గుండె దడదడ కొట్టుకోవడం నా చెంపకు తెలిసింది. నాకంటే ఆయనే భయపడుతున్నాడని అప్పుడు అర్థమైంది. తీగ దిగింది. ప్రాణం పోయినంత పనైంది.

"మామా, ఇడువు! ఇడువు మామా!" అని కాళ్లు తన్నుకున్నాను.

"ఇడువ బిడ్డా," అన్నాడు ఆయన నా జుట్టులో మొహం పెట్టి. "ఇడువ."

రెండో చెవీ అయ్యాక అమ్మ నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది. మామ ఆ మధ్యాహ్నం మా ఇంట్లో తిన్నాడు. పొద్దు వాలాక అమ్మమ్మ చీరలు మడిచి మూట కట్టుకుంది.

ఆ రోజుతో అన్నీ చక్కబడ్డాయని చెప్పను. మామది పెళుసు మాట, కోపం ముక్కు మీదే ఉండేది. బాపుతో ఆయనకు చివరి దాకా పొసగలేదు. నా పెళ్లిలో పప్పు చల్లారిందని అలిగి పందిట్లోంచి లేచాడు. అత్తమ్మ వెళ్లి తీసుకొచ్చింది. నన్ను మళ్లీ ఎప్పుడూ దగ్గరికి తీసుకున్నది లేదు.

బాపు పోయాక క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. అప్పటికి మామ రిటైరై లాలాగూడలోనే చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఒక పొద్దున ఎవరూ పిలవకుండానే ట్రాలీ బండి తెచ్చాడు. అమ్మ పెట్టె, బీరువా, బాపు కుర్చీ అందులోకి ఎక్కించాడు. తనింటికి తీసుకుపోవడానికి అమ్మను ముందు కూర్చోబెట్టాడు. నేను ఖాళీ గదుల ముందు నిలబడి, ఇక ఎండాకాలం సెలవులకు పిల్లల్ని తీసుకుని ఎక్కడికి వస్తాను, ఏ ఇంటికి వస్తాను అని లోలోపలే కుమిలిపోతున్నాను.

బండి ఎక్కబోయిన మనిషి ఆగి, నా వైపు తిరిగి కసిరాడు.

"ఏం సూస్తున్నవ్ గట్ల? బతుకమ్మకు పిల్లల్ని తీసుకొని రాకుంటే సూడు మరి. నీ తల్లిగారిల్లు ఇగ గాడ."